పెన్సిల్‌తో బేస్‌బాల్: ఒక స్కోరుబుక్కు గురించి

బేస్‌బాల్ ఆటను చేత్తో రాసుకునే ఈ స్కోరుబుక్కు కొనాలా వద్దా అన్నదే మీ ప్రశ్న అయితే, కొనండి. పదిహేను డాలర్ల లోపే వస్తుంది, ఒక సీజన్ గడిచిపోతుంది, తీగచుట్టు బైండింగు కాబట్టి వెనక్కి మడిచి ఒళ్లో పెట్టుకుని రాసుకోవచ్చు. వివరంగా తెలుసుకోవాలంటే కాస్త ఓపిక పట్టండి. ఈ పుస్తకంతో నాకున్న పేచీలు చిన్నవే గాని, చాలా ఉన్నాయి.

ఆకుపచ్చ అట్ట. ఎదురెదురు పేజీల్లో రెండు జట్లకు చోటు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే అచ్చును అట్ట రంగు మార్చి మరికొందరు కూడా అమ్ముతున్నారు. ఏది కొన్నా లోపల ఇవే గళ్లు, ఇవే తప్పులు.

నేను షికాగోలో అకౌంట్స్ ఉద్యోగం చేస్తాను. పగలంతా ఊళ్లోవాళ్ల పద్దులు సరిచూసి, సాయంత్రం మళ్లీ గళ్లలో అంకెలు నింపడానికి టికెట్టు కొనుక్కుని వెళ్లేది నువ్వొక్కదానివే అని మా ఆయన నవ్వుతారు. మా అబ్బాయి ధోరణి వేరు. “అమ్మా, ఫోన్‌లో ప్రతి బంతీ వస్తుంది కదా, ఎంత వేగంతో వచ్చిందో కూడా చెబుతుంది” అంటాడు. వస్తుంది, కాదనను. కానీ ఫోన్ చూస్తూ కూర్చుంటే ఆట చూడటం తగ్గిపోతుంది. రాస్తూ కూర్చుంటే తల ఎత్తక తప్పదు. ఎత్తకపోతే రాయడానికి ఏమీ ఉండదు.

క్రికెట్ మాత్రమే తెలిసినవారి కోసం రెండు ముక్కలు. ప్రతి బ్యాటరుకు ఒక అడ్డు వరుస, ప్రతి ఇన్నింగ్స్‌కు ఒక నిలువు వరుస. రెండూ కలిసేచోట ఒక గడి, అందులో లేత చుక్కలతో బేస్‌ల వజ్రాకారం. ఫీల్డర్లకు పేర్లుండవు, అంకెలే: బంతి విసిరే పిచర్ 1, బ్యాటరు వెనక కూర్చుని పట్టే క్యాచర్ 2, మూడు బేస్‌ల వాళ్లు 3, 4, 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ 6, బయటి ముగ్గురు ఎడమ నుంచి కుడికి 7, 8, 9. ఇక ఒక అర ఇన్నింగ్స్ రాసి చూపిస్తాను. మొదటి బ్యాటరు నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఫస్ట్ బేస్‌కు నడిచాడు: గడి మూలలో బీబీ. తరువాతివాడు కొట్టిన బంతి నేలబారుగా షార్ట్‌స్టాప్ చేతికి పోయింది, అతను సెకండ్ బేస్‌కు, అక్కడినుంచి ఫస్ట్ బేస్‌కు: 6-4-3, ఒక్క బంతికి ఇద్దరు ఔట్. కొట్టదగ్గ బంతి వదిలినా, ఊపి తప్పినా స్ట్రైక్, మూడైతే ఔట్. మూడోవాడు మూడో స్ట్రైక్‌ను బ్యాటు కదపకుండా చూస్తూ నిలబడిపోయాడు. బ్యాటు ఊపి తప్పితే కె అక్షరం, ఊపకుండా ఔటైతే అదే కె అద్దంలో కనిపించినట్టు తిరగేసి. పది నిమిషాలు కూడా పట్టని ఈ ముచ్చటంతా మూడు గళ్లలో ఇమిడింది. ఎన్నేళ్ల తరువాత తెరిచినా ఆ ఇన్నింగ్స్ మళ్లీ మొదటినుంచి ఆడించుకోవచ్చు. ఈ పద్ధతికి రూపం ఇచ్చిన వాళ్లలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లాండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వచ్చి, పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్లినవాడు. మనవాడే అనిపిస్తుంది నాకు.

గళ్ల సైజు సరిపోదు. ఇది మొదటి పేచీ. చిన్నవి కావడానికి కారణం ఉంది: ఒక్కో బ్యాటరు స్థానం కింద మూడేసి వరుసలు ఇచ్చారు, మధ్యలో మార్చే ఆటగాళ్ల కోసం. ఒకప్పుడు అది అవసరమే. మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో పిచర్లు కూడా బ్యాటింగ్ చేసేవారు, మా షికాగో కబ్స్ ఆ లీగ్ జట్టే. పిచర్ వంతు వచ్చినప్పుడల్లా అతన్ని దింపి ఇంకొకరిని పంపడం, ఆ ఇంకొకరిని దింపి కొత్త పిచర్‌ను తేవడం, తొమ్మిదో స్థానం రైలు రిజర్వేషన్ చార్టులా ఉండేది. 2022 నుంచి రెండు లీగుల్లోనూ పిచర్ బదులు వేరే బ్యాటరు ఆడతాడు. ఇప్పుడు ఆ మూడో వరుస చాలా ఆటల్లో తెల్లగానే ఉండిపోతుంది. రెండు వరుసలు చేసి గళ్లు పెంచితే ఎవరు వద్దంటారు?

అటువైపు పిచర్ల పట్టిక చూడండి: జట్టుకు నాలుగే వరుసలు. మొదటి పిచర్ ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్ లాగే కాలంలో నాలుగు చాలేవి. ఇప్పుడు ఐదో ఇన్నింగ్స్ దాటిస్తే చాలు, చప్పట్లు కొట్టి కూర్చోబెడుతున్నారు, ఆ తరువాత వరుసగా ఒక్కొక్కరే వస్తారు. వచ్చినవాడు కనీసం ముగ్గురు బ్యాటర్లనైనా ఎదుర్కోవాలని, లేదా ఆ ఇన్నింగ్స్ పూర్తి చేయాలని 2020లో నిబంధన పెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అంచుల్లో కూడా చోటుండేది కాదు. ఐదో పిచర్‌ను నేను ఎప్పుడూ పేజీ అడుగున, పేజీ నంబరు పక్కన రాస్తాను.

అన్నిటికంటే చిరాకు పుట్టించేది మాత్రం నిలువు వరుసల నెత్తిన ముందే అచ్చువేసిన 1, 2, 3 అంకెలు. ఒక ఇన్నింగ్స్‌లో జట్టు ఏడు పరుగులు తీస్తే కనీసం పదిమంది బ్యాటింగ్‌కు వచ్చి ఉండాలి. పదోవాడంటే మొదటివాడే మళ్లీ. అతని గడి నిండిపోయింది కాబట్టి పక్క వరుసలోకి పోవాలి, అక్కడ రెండో ఇన్నింగ్స్ అని అచ్చై ఉంటుంది. అంకె కొట్టేసి, దిద్దుకుని, అక్కడినుంచి పేజీ చివరివరకు అన్నీ దిద్దుకుంటూ పోవాలి. కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో 1979 మే 17న ఫిలడెల్ఫియా జట్టు కబ్స్‌ను 23-22తో ఓడించింది. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఒకరికి ఏడు, ఇంకొకరికి ఆరు. ఆ రోజు ఈ పుస్తకం పట్టుకుని కూర్చున్నవాళ్ల గతి ఏమిటో! అంకెలు వేయకుండా ఖాళీగా వదిలేస్తే కంపెనీకి సిరా కూడా మిగులుతుంది.

పేజీ నెత్తిన తేదీ, మైదానం, వాతావరణం, ఆరంభం, ముగింపు అని గీతలున్నాయి. వాతావరణానికి ఇచ్చిన గీత బారెడు ఉంది గాని, గాలి దిశకు వేరే చోటు లేదు. రిగ్లీలో ఆట రాసేవారికి ఆ చోటు కావాలి. మిషిగన్ సరస్సు అక్కడికి దగ్గరే. గాలి అటునుంచి మైదానంలోకి వీస్తే కొట్టిన బంతి చతికిలబడుతుంది, ఎదురు తిరిగి బయటకు వీస్తే పైకి లేచిన ప్రతిదీ ప్రహరీ దాటేలా కనిపిస్తుంది. నేను చిన్న బాణం గుర్తు వేసుకుంటాను.

మైదానం అన్న గీత దగ్గర నాకు ఎప్పుడూ కాస్త ఆగాల్సి వస్తుంది. ఉత్తరాన కబ్స్, దక్షిణాన వైట్ సాక్స్, రెండు మైదానాలూ రెడ్ లైన్ రైలు మీదే ఉన్నాయి: అడిసన్‌లో దిగితే ఒకటి, సాక్స్-35త్‌లో దిగితే ఇంకొకటి. రిగ్లీ పేరు దాదాపు వందేళ్లుగా అదే. దక్షిణాన ఉన్నది 1991లో కొమిస్కీ పార్క్ పేరుతో తెరిచారు. రోడ్డుకు అవతల అదే పేరుతో ఉన్న పాతదాన్ని పడగొట్టి కార్లు నిలిపే చోటు చేశారు, పాత హోమ్ ప్లేట్ ఎక్కడుండేదో తెలిసేలా అక్కడ ఒక ఫలకం పెట్టారు. 2003లో ఒక ఫోన్ కంపెనీ పేరు వచ్చింది, 2016లో ఒక రుణాల కంపెనీ పేరు, 2024 చివర్లో ఆ కంపెనీయే తన పేరు కుదించుకుంటే మైదానం పేరూ పొట్టిదైంది. ఏది రాసినా తరువాతి సంవత్సరం పాతబడుతుందని నేను “35వ వీధి” అని రాసి ఊరుకుంటాను. ఈ ఊళ్లో ఇది కొత్త కాదు. సియర్స్ టవర్ 2009లో విల్లిస్ టవర్ అయింది, స్టేట్ స్ట్రీట్‌లోని మార్షల్ ఫీల్డ్స్ 2006లో మేసీస్ అయింది. మా ఆఫీసులో పెద్దవాళ్లు ఇప్పటికీ పాత పేర్లతోనే దారి చెబుతారు. కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ తీసి వెతికి, అలాంటిదేమీ లేదంటారు. ఇద్దరూ నిలబడి ఉండేది ఒకే భవనం ముందు.

ఇక పుస్తకం మొదటి పేజీ. “జట్లు, మైదానాలు” అని ముప్పై జట్ల పట్టిక వేశారు. కొన్న రోజే నేను గీతలు కొట్టడం మొదలుపెట్టాను. ఓక్లాండ్ ఉంది అందులో. ఆ జట్టు 1968 నుంచి ఆడిన ఊరిని 2024 సెప్టెంబరులో వదిలి, లాస్ వేగాస్‌లో మైదానం కట్టేదాకా శాక్రమెంటో పక్కన తలదాచుకుంది. ఇప్పుడు పేరులో ఊరే లేదు, వట్టి అథ్లెటిక్స్. టాంపా బే జట్టుకు ట్రాపికానా ఫీల్డ్ అని వేశారు. 2024 అక్టోబరులో మిల్టన్ తుపాను ఆ మైదానం పైకప్పును చీల్చేసింది, 2025 సీజనంతా వాళ్లు వేరే జట్టు శిక్షణ మైదానంలో ఆడారు. మా దక్షిణ షికాగో మైదానానికైతే రెండు పేర్ల కిందటిది వేశారు. ఇలాంటి పట్టికను సిరాతో అచ్చువేసే ధైర్యం ఎలా వచ్చిందో.

ఊరు మారే జట్ల సంగతి అలా ఉంటే, జట్టు మారే ఆటగాళ్లు ఇంకొక తలనొప్పి. జులై ఆఖరునో, ఆగస్టు మొదట్లోనో మార్పిడుల గడువు ఉంటుంది. ఆ వారం నా పేజీల్లో రబ్బరు పొడి ఎక్కువ. 1982 ఆగస్టు 4న జోయెల్ యంగ్‌బ్లడ్ న్యూయార్క్ మెట్స్ తరఫున రిగ్లీలో పగటి ఆట ఆడుతూ, ఫెర్గూసన్ జెంకిన్స్ బంతికి హిట్ కొట్టాడు. ఆట మధ్యలో పిలిచి, నిన్ను మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కు ఇచ్చేశాం అన్నారు. అతను విమానం ఎక్కి ఫిలడెల్ఫియా చేరి, అదే రాత్రి కొత్త జట్టు తరఫున స్టీవ్ కార్ల్‌టన్ బంతికి ఇంకో హిట్ కొట్టాడు. ఒకే రోజు రెండు ఊళ్లలో, రెండు జట్లకు రెండు హిట్లు! రిగ్లీలో అప్పటికి దీపాలు లేవు, అవి వచ్చింది 1988 ఆగస్టులో. అక్కడ ఎండలో ఆడటం వల్లే రాత్రికి ఇంకో ఊళ్లో ఆడే వీలు దొరికింది. అతన్ని తీసుకున్న ఎక్స్‌పోస్ కూడా 2005లో వాషింగ్టన్ వెళ్లిపోయింది.

దానికీ ఒక మెట్టు పైది 2024లో జరిగింది. జూన్ 26న బోస్టన్‌లో డానీ జాన్సెన్ టొరంటో తరఫున బ్యాటింగ్ చేస్తుండగా వాన పడి ఆట నిలిచిపోయింది. జులైలో అతన్ని బోస్టన్‌కు మార్చారు. ఆగస్టు 26న అదే ఆట ఆగినచోటినుంచి మొదలైతే, అతను బోస్టన్ క్యాచర్‌గా, తన సగం మిగిలిన బ్యాటింగ్‌ను పూర్తి చేయడానికి వచ్చినవాడి వెనక కూర్చున్నాడు. ఒకే ఆటలో రెండు జట్లకూ ఆడిన మొదటి మేజర్ లీగ్ ఆటగాడు అతనే. ఈ విషయంలో మాత్రం పుస్తకాన్ని మెచ్చుకోవాలి: రెండు జట్ల పేజీలు ఎదురెదురుగా ఉండటం వల్ల ఒకే పేరు రెండువైపులా రాసినా గందరగోళం ఉండదు. కొన్ని పుస్తకాల్లో రెండో జట్టు కోసం పేజీ తిప్పాలి, అవి కొనకండి.

2023లో వచ్చిన పిచ్ గడియారం సంగతి చెప్పాలి. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్‌కు 15 సెకన్లు, ఉంటే మొదట 20 ఇచ్చారు, మరుసటి ఏడాది 18 చేశారు. అంతకుముందు సగటున మూడు గంటల నాలుగు నిమిషాలు సాగిన తొమ్మిది ఇన్నింగ్స్ ఆట ఆ ఒక్క ఏడాదిలో రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. మరునాడు పొద్దున్నే ఆఫీసు ఉన్నవాళ్లకు మేలే, నేనూ సంతోషించాను. కానీ రాసే చేతికి ఊపిరి ఆడదు. మునుపు పిచర్ టోపీ సర్దుకుని, చెయ్యి రుద్దుకుని, క్యాచర్ సైగలకు రెండుసార్లు తల అడ్డంగా ఊపేలోపు పక్క సీటాయనతో వాదించే తీరిక ఉండేది. “మీరు దాన్ని హిట్ వేశారా, ఎర్రర్ వేశారా?” అని రేడియో చెవిలో పెట్టుకున్న పెద్దాయన అడిగేవాడు. నేను ఎర్రర్ (ఫీల్డరు తప్పిదం) అంటే, “మీ మనసు రాయి అండీ” అనేవాడు. ఇప్పుడు ఆ వాదన ఇన్నింగ్స్ విరామానికి వాయిదా పడుతుంది, ఆ లోపు ఇద్దరికీ వేడి చల్లారుతుంది. గడియారం దాటితే పిచర్‌కు ఒక బాల్ (చెడ్డ బంతి), బ్యాటరుకు ఒక స్ట్రైక్ శిక్ష. 2026 నుంచి బాల్, స్ట్రైక్ తీర్పులను పిచరో, క్యాచరో, బ్యాటరో తన తల మీద తట్టుకుని సవాలు చేయవచ్చు, జట్టుకు రెండు అవకాశాలు. వీటిలో ఏ ఒక్కదానికీ పుస్తకంలో గుర్తు లేదు. గడియారానికి సున్నా, సవాలుకు త్రికోణం నేను పెట్టుకున్నవి. మీరు మీవి పెట్టుకోండి, వెనక అట్ట లోపల రాసి ఉంచుకోండి.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన పేచీ. పేజీ అడుగున “లెక్క సరిచూసుకోండి” అని ఒక చిన్న పెట్టె ఇచ్చారు. ఈ పుస్తకం నేను కొనడానికి అసలు కారణం అదే. ఎడమవైపు ఒక జట్టు బ్యాటర్లు క్రీజులోకి వచ్చిన మొత్తం సార్లు: బ్యాటింగ్ లెక్కలోవి, నడిచినవి, బంతి తగిలి వెళ్లినవి, త్యాగాలు (తాను ఔటై తోటివాణ్ని ముందుకు పంపినవి), అన్నీ. కుడివైపు ఆ జట్టు పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు, ఎదుటి జట్టు చేసిన ఔట్లు. రెండూ సమానం కావాలి. వచ్చినవాడు పరుగైనా తీయాలి, ఔటైనా కావాలి, బేస్ మీదైనా మిగలాలి. నాలుగో దారి లేదు. జమా ఖర్చూ కుదిరినప్పటి సంతోషం అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆట అయ్యాక అడిసన్ స్టేషన్‌లో జనం మధ్య ఎక్కి, కుర్చీ దొరికితే ఊరి నడిబొడ్డుకు చేరేలోపు రెండు పేజీలూ కుదిర్చేస్తాను.

పదో ఇన్నింగ్స్ ఆడితే కుదరదు. 2020లో తాత్కాలికం అని తెచ్చి 2023లో ఖాయం చేసిన నిబంధన ప్రకారం, తొమ్మిదిలో తేలని మామూలు సీజన్ ఆటలో ప్రతి అర ఇన్నింగ్స్ ఒక మనిషిని సెకండ్ బేస్ మీద ఉచితంగా నిలబెట్టి మొదలవుతుంది. అతను బ్యాటు పట్టలేదు, ఎడమవైపు పద్దులో లేడు. కానీ పరుగు తీస్తాడు, లేదా ఔటవుతాడు, లేదా మిగిలిపోతాడు, కుడివైపు మాత్రం తప్పక చేరతాడు. మొన్న ఒక ఆటలో బ్యాటింగ్ 36, నడకలు 4, బంతి తగిలి 1, త్యాగం 1, వెరసి 42. అటువైపు పరుగులు 5, మిగిలినవాళ్లు 8, ఔట్లు 30, వెరసి 43. ఆ తేడా ఒకటి ఎవరో మీకు తెలుసు. పన్నెండో ఇన్నింగ్స్ దాకా పోతే మూడు. పిలవని పేరంటానికి వచ్చినవాడిలా పెట్టెలో ఎక్కడా చోటు లేక, ఎడమవైపు “ఊరక వచ్చినవారు” అని నా చేతిరాతతో ఒక పద్దు తెరిచాను. పుస్తకం మీద తాజా ముద్రణ అని ఉంది. ఈ ఒక్క గీత చేర్చి ఉంటే నేను అచ్చువేసినవాళ్లకు దండం పెట్టేదాన్ని. అక్టోబరు ప్లేఆఫ్ ఆటల్లో ఈ నిబంధన లేదు, కాబట్టి సీజన్ ముగిశాక పెట్టె మళ్లీ బుద్ధిగా పనిచేస్తుంది.

కాగితం బాగుంది. మందం సరిపడా ఉంది, వెనక పేజీకి అచ్చు పడదు, రబ్బరుతో పదిసార్లు చెరిపినా పొర లేవదు. ఏప్రిల్ చలికి రిగ్లీలో బాల్‌పెన్ను మొరాయిస్తుంది, 2బి పెన్సిలే వాడండి. గాలికి పేజీలు తిరగబడకుండా రెండు క్లిప్పులు దగ్గర ఉంచుకోండి. పుస్తకానికి పేజీలను పట్టి ఉంచే కట్టు ఉంది గాని అది పేరుకే, నాది జూన్‌లోనే తెగింది. మైదానంలో అమ్మే స్కోరు కార్డు ఒక్క రోజు సరదాకు చాలు. ఇంట్లో ప్రింటు తీసుకునే ఉచిత కాగితాలూ ఉన్నాయి, గళ్లు ఇంతకంటే పెద్దవి, కానీ కొన్నాళ్లకు ఏ కాగితం ఎక్కడుందో దొరకదు.

2024లో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడింది, వరుసగా 21 ఓటములతో కలిపి. ఆధునిక కాలంలో ఏ జట్టూ ఒక సీజన్‌లో అన్ని ఓడలేదు. ఆ ఏడు 35వ వీధిలో నేను రాసిన పేజీలు ఇప్పుడు తీస్తే సగం పేర్లు ఆ జట్టులో లేవు, మైదానం పేరు అది కాదు. 6-4-3 మాత్రం 6-4-3గానే ఉంది.

ఐదుకు మూడున్నర నక్షత్రాలు. పిచర్ల పట్టికకు మూడు వరుసలు పెంచి, ఇన్నింగ్స్ అంకెలు తీసేసి, ముప్పై జట్ల పేజీలో పేర్లు వేయకుండా ఖాళీ గీతలు వదిలితే నాలుగు ఇస్తాను. ఆ ఊరక వచ్చినవాడికి పెట్టెలో చోటిస్తే నాలుగున్నర. మిగిలిన అర తెగిన కట్టుకు పోయింది, దాన్ని వెనక్కి ఇవ్వను.